ఎఫ్-టీఆర్, 600 గజాలు: బైపాడ్ మీద గ్రూపు అడ్డంగా బాగానే ఉంది, నిలువునా సాగుతోంది

#1 నేలబారు
అందరికీ నమస్కారం. ఎఫ్-టీఆర్ (బోర్లా పడుకుని, బైపాడ్ అనే రెండు కాళ్ల ఆసరా మీద రైఫిల్ పెట్టి దూరపు టార్గెట్‌ను కొట్టే పోటీ) మొదలుపెట్టాను. సరంజామా ఇదీ: .308 విన్చెస్టర్, 26 అంగుళాల బ్యారెల్, ఫ్యాక్టరీ ప్లాస్టిక్ స్టాక్ (బ్యారెల్‌ను మోసే రైఫిల్ ఒళ్లు), హారిస్ 6–9 అంగుళాల బైపాడ్ (పక్కకు ఊగేదే, కాళ్లకు గంట్లున్నదే), 175 గ్రెయిన్ల తూటా, వెనక చిన్న సంచి.

100 గజాల్లో బెంచి మీద ముందూ వెనకా ఇసుక సంచులు పెడితే 5 తూటాలు ముప్పావు ఎంఓఏలో (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 గజాల్లో దాదాపు అంగుళం) పడతాయి. అదే రైఫిల్‌తో బోర్లా పడుకుని, బైపాడ్ మీద, 600 గజాల్లో 10 తూటాలు వేస్తే అడ్డం 4 అంగుళాలు, నిలువు 11. గాలి చదవడం తప్పయితే అడ్డంగా సాగాలి కదా? పైగా బెంచి మీద పెట్టిన జీరో (స్కోప్ గురీ తూటా పడే చోటూ కలిసేలా చేసిన సర్దుబాటు) నేల మీద కలవడం లేదు, 100 గజాల్లోనే అంగుళం పైకి పోతోంది. క్రోనోగ్రాఫ్‌లో (తూటా వేగం కొలిచే యంత్రం) వేగం ఎస్‌డీ, అంటే ప్రామాణిక విచలనం, సెకనుకు 9 అడుగులు. వెడల్పాటి ఎఫ్-టీఆర్ బైపాడ్ కొనేస్తే తీరిపోతుందా?

#2 గాలివాటం
డబ్బు ఇప్పుడే తియ్యకండి. జవాబు సగం మీ ప్రశ్నలోనే ఉంది: ప్లాస్టిక్ స్టాక్, పైగా బెంచికీ నేలకీ జీరో తేడా.

హారిస్ బిగేది స్లింగ్ స్టడ్‌కి (రైఫిల్ పట్టీ తగిలించే మరకి). అది ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) కొసన ఉంటుంది. రైఫిల్ ముందు బరువంతా ఆ కొసకే. దానికి తోడు మీరు భుజంతో ముందుకు నెట్టారంటే మెత్తటి ప్లాస్టిక్ పైకి వంగి బ్యారెల్‌కు తగులుతుంది. ఒక తూటాకు తగిలి, రెండోదానికి తగలక, మూడోదానికి గట్టిగా నొక్కితే వచ్చేది నిలువు గీతే. బెంచి మీద ఇసుక సంచి ఫోరెండ్ కింద ఇంకాస్త వెనగ్గా, యాక్షన్‌కు (బోల్ట్ ఉండే భాగానికి) దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ వంపు కనపడదు.

పరీక్ష చెబుతాను. మ్యాగజైన్ తీసెయ్యండి, బోల్ట్ తెరవండి, ఛాంబర్‌ను కంటితో చూసి వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోండి. బైపాడ్ తెరిచి పడుకుని, మామూలుగా కాల్చేటప్పుడు ఎంత నెడతారో అంతే నెట్టి, చెంప ఆనించి అలాగే ఉండండి. ఇంకొకరు ఒక నోటును మడతపెట్టి ఫోరెండ్ కొసన బ్యారెల్ కిందకు దూర్చి యాక్షన్ దాకా జరపాలి. ఎక్కడైనా పట్టేసిందంటే దొంగ దొరికినట్టే. రైఫిల్‌ను ఊరికే నిలబెట్టి చూసి "ఖాళీ ఉందిగా" అనుకోవద్దు, లోడ్ (ముందుకు నెట్టే ఒత్తిడి, తూటా నింపడం కాదు) పడినప్పుడే చూడాలి. నెట్టినప్పుడు కూడా చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల సందు మిగలాలి, ఎందుకంటే కాల్చినప్పుడు బ్యారెల్ కదులుతుంది.

అదే చేత్తో స్టడ్ వేళ్లతో తిరుగుతోందా చూడండి. యాక్షన్ స్క్రూల బిగింపు కూడా. అల్యూమినియం బెడ్డింగ్ (యాక్షన్ కూర్చునే లోహపు దిమ్మ) ఉన్న స్టాక్‌కి మామూలుగా 65 అంగుళం-పౌండ్లు, అంటే 7.3 న్యూటన్-మీటర్లు. వట్టి ప్లాస్టిక్‌కి అంత వద్దు, తయారీదారు చెప్పినంతే. స్కోప్ రింగుల పై స్క్రూలకు 15–18 అంగుళం-పౌండ్లు చాలు. టార్క్ రెంచి లేకుండా "గట్టిగానే ఉంది" అనే మాట లెక్కలోకి రాదు.

#3 కొలతలరాయుడు
గాలివాటం గారు ముందు వైపు చెప్పారు. నేను వెనక వైపు లెక్క కడతాను, నిలువుకి అసలు తాళం అక్కడే ఉంటుంది.

బైపాడ్ కాళ్లకీ వెనక సంచికీ మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు అనుకోండి. బట్ (భుజానికి ఆనే స్టాక్ వెనక భాగం) 1 మిల్లీమీటరు పైకో కిందకో జరిగితే కోణం 1/800, అంటే 1.25 మిల్లీరేడియన్లు. 100 మీటర్లలో అది 12.5 సెంటీమీటర్లు! అర ఎంఓఏలో ఉండాలంటే బట్ కదలిక 0.12 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండు కాగితాల మందం కూడా లేదు. ఇంత సన్నటి పని చేసేది మీ ఎడమ చేతిలోని ఆ సంచే.

ఇప్పుడు వేగం సంగతి. ఎస్‌డీ 9 అంటే 10 తూటాల్లో ఎక్కువకీ తక్కువకీ తేడా 25–30 అడుగుల దాకా రావచ్చు. 175 గ్రెయిన్ల తూటాకు 600 గజాల్లో దాని ప్రభావం సుమారు 3 అంగుళాలు. రైఫిల్ సొంత ముప్పావు ఎంఓఏ అక్కడ 4.7 అంగుళాలు. ఈ రెండూ నేరుగా కూడవు, వర్గాలు కూడి మూలం తియ్యాలి: 5.6 అంగుళాలు. మీకు 11 వచ్చింది. మిగతాది మందుగుండు ఇచ్చింది కాదు, మీరూ స్టాకూ సంచీ కలిసి ఇచ్చింది.

గాలి చదవడం మాత్రం బాగుంది, అడ్డం 4 అంగుళాలంటే మాటలు కాదు.

#4 ఫీనిక్స్_పంతులు
ఇంత లెక్కలెందుకండీ. బైపాడ్‌ను భుజంతో గట్టిగా ముందుకు నెట్టి కాల్చడమే. సైన్యాల్లో నేర్పేదీ అదే. కాళ్లలో ఉన్న వదులంతా పోతుంది, రైఫిల్ ఎగరదు, తూటా పడే చోటు స్కోప్‌లోనే కనిపిస్తుంది.

#5 గాలివాటం
పంతులు గారు చెప్పింది 5 కిలోల రైఫిల్‌కి సరే. కానీ "గట్టిగా" అనే మాట దగ్గరే నాకు పేచీ. గట్టిగా అంటే ఎంత? మొదటి తూటాకు ఉన్నంత నెట్టు పదిహేనో తూటాకు ఉండదు, భుజం అలిసిపోతుంది. నెట్టు తగ్గిన కొద్దీ తూటా కిందకి దిగడమో పైకి ఎక్కడమో జరుగుతుంది, ఎటన్నది స్టాక్‌ను బట్టి.

రెండు పద్ధతులున్నాయి, రెండూ పనిచేస్తాయి, కలిపేస్తేనే చెడుతుంది.

ఒకటి, లోడ్ చేసి కాల్చడం. కాళ్లు పట్టు దొరికే నేల మీద ఉండాలి: గడ్డి, మట్టి, మందపాటి రబ్బరు చాప. కండబలంతో నెట్టకూడదు. మోచేతులు ఒక 3 సెంటీమీటర్లు వెనక్కి పెట్టి ఛాతీని ముందుకు వాల్చి, ఒంటి బరువు స్టాక్ మీదకు వచ్చేలా చేసి అక్కడ వదిలెయ్యాలి. అట్లాస్ లాంటి వాటిలో కావాలనే కొంచెం వదులు పెడతారు, కాళ్లను 45 డిగ్రీల్లో ముందుకు పెట్టుకునే వీలూ ఉంటుంది, ఈ పద్ధతికి అవి నప్పుతాయి. హారిస్‌లో కాళ్లు మడిచే వైపు కాక అవతలి వైపు లోడ్ పడాలి, తిప్పి బిగిస్తే నెట్టగానే మడుచుకుంటాయి.

రెండోది, ఎఫ్-టీఆర్‌లో ఎక్కువమంది చేసేది. రైఫిల్ 8 కిలోలుంటుంది, బైపాడ్ పాదాలు స్కీల్లా చదునుగా ఉంటాయి, కింద పలచటి కార్పెట్. భుజం బట్‌కు ఆనీ ఆననట్టు ఉంటుంది, రైఫిల్ దాని దారిన అది 5–7 సెంటీమీటర్లు వెనక్కి జారుతుంది. నెట్టు అసలే లేనప్పుడు నెట్టులో తేడా వచ్చే ప్రశ్నే ఉండదు. కానీ ప్రతి తూటా తర్వాత రైఫిల్‌ను అదే చోటికి తేవాలి, కార్పెట్ మీద సుద్దతో గీత గీసుకుంటే తేలిక.

మీ రైఫిల్ బరువు, హారిస్, రబ్బరు పాదాలు చూస్తే మీకు మొదటిదే. తక్కువ లోడ్, కానీ ప్రతిసారీ అంతే లోడ్.

#6 కొలతలరాయుడు
"తూటా వెళ్లిపోయాక ఎగిరితే ఎగరనీ" అనేవాళ్ల కోసం ఇంకో లెక్క. తూటా బ్యారెల్ దాటేలోపే రైఫిల్ వెనక్కి కదలడం మొదలవుతుంది. తూటా బరువు 11.3 గ్రాములు, మందు సగం 1.4 గ్రాములు కలపండి, బ్యారెల్‌లో ప్రయాణం సుమారు 62 సెంటీమీటర్లు. రైఫిల్ 8.2 కిలోలైతే తూటా మూతి దాటేసరికి అది సుమారు 1 మిల్లీమీటరు వెనక్కి వచ్చేసి ఉంటుంది. 4.5 కిలోల రైఫిల్ అయితే 1.7.

ఆ ఒక్క మిల్లీమీటరులో రైఫిల్‌కు ఏం అడ్డు తగిలిందన్నదే గురి. కాలు రాయికి తట్టుకుందా, రబ్బరు పట్టి వదిలిందా, బట్ సంచిలో ఒరుసుకుందా. స్టాక్ కింది అంచు ఏటవాలుగా ఉంటే ఇంకో చిక్కు. 10కి 1 వాలు ఉందనుకోండి, రైఫిల్ 1 మిల్లీమీటరు వెనక్కి వస్తే బట్ 0.1 మిల్లీమీటరు దిగుతుంది, మూతి లేస్తుంది, దాదాపు 0.4 ఎంఓఏ పైకి. ప్రతిసారీ అంతే అయితే జీరోలో కలిసిపోతుంది. సంచి మీద బట్ కూర్చునే చోటు మారితే కలవదు. ఎఫ్-క్లాస్ (ఎఫ్-టీఆర్ అందులో ఒక విభాగం) స్టాకుల కింది అంచు బ్యారెల్‌కు సమాంతరంగా ఉండేది ఇందుకే.

#7 నేలబారు
బాగా అర్థమైంది. నోటు పరీక్ష ఈ వారాంతం చేస్తాను. ఈలోగా పడుకునే తీరు గురించి ఎవరైనా మొదటి నుంచీ చెబుతారా? స్లింగ్‌తో పడుకున్నట్టే కొంచెం ఏటవాలుగా పడుకుంటున్నాను.

#8 ఇసుకసంచి
అదిగో ఇంకో కారణం. స్లింగ్ పద్ధతిలో ఒళ్లు ఏటవాలుగా ఉండాలి, ఎడమ మోచెయ్యి రైఫిల్ కిందకు రావాలి కాబట్టి. బైపాడ్‌కి ఆ అవసరం లేదు. ఏటవాలుగా ఉంటే భుజం ఒక పక్కనే అడ్డుపడుతుంది, రీకాయిల్ (వెనక్కి తన్నే బలం) ఖాళీ దొరికిన పక్కకు తిరుగుతుంది.

కుడిచేతివాటం అనుకుని చెబుతున్నాను. రైఫిల్‌ను ముందు టార్గెట్ వైపు పెట్టి, దాని వెనక నిటారుగా పడుకోండి. బ్యారెల్ గీతను వెనక్కి పొడిగిస్తే అది కుడి భుజం, కుడి తుంటి, కుడి మడమ మీదుగా పోవాలి. కాళ్లు ఎడంగా, మడమలు లోపలి వైపు నేలకు ఆనేలా. బట్ భుజం అంచున కాదు, కాలర్‌బోన్ పక్కన గుంటలో. ఛాతీ హాయిగా నేలకు ఆనినప్పుడు బట్ అక్కడికి అందేంత ఎత్తులోనే బైపాడ్ కాళ్లు ఉంచండి, అంతకు మించి ఒక్క గంటు కూడా వద్దు. కాళ్లు పొడుగైన కొద్దీ ఊగుతాయి.

చెంప మీద తల బరువు మాత్రమే, నొక్కుడు వద్దు. మెడ సాచాల్సి వస్తే స్కోప్ ముందుకో వెనక్కో జరపాలి. పడుకున్నప్పుడు తల సహజంగానే ముందుకు పోతుంది కాబట్టి బెంచి మీద సరిపోయిన స్కోప్ దూరం నేల మీద సరిపోదు. చుట్టూ నల్లటి నీడ లేకుండా నిండు బొమ్మ కనపడాలి. కుడి చెయ్యి: మూడు వేళ్లు గ్రిప్‌ను తిన్నగా వెనక్కి లాగాలి, బొటనవేలు చుట్టెయ్యకుండా పక్కన పెట్టుకోండి. చుట్టేస్తే బిగించిన ప్రతిసారీ రైఫిల్ తిరుగుతుంది.

ఎడమ చెయ్యి వెనక సంచి మీద. సంచి గుండె రైఫిల్ బట్ కిందే ఉండాలి. పిండితే బట్ లేస్తుంది, మూతి దిగుతుంది. వదిలితే బట్ దిగుతుంది, మూతి లేస్తుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు: గురి కుదిరేదాకా పిండి, ట్రిగ్గర్ తీసేటప్పుడు ఎడమ చెయ్యి కూడా తెలియకుండానే బిగిస్తారు. రెండు చేతులు ఒకేసారి బిగుసుకోవడం ఒంటి అలవాటు. అందుకని పిడికిట్లో సగం పిండిన దగ్గర గురి కలిసేలా సంచి ఎత్తు ముందే సర్దుకోండి, పూర్తిగా పిండితేనో పూర్తిగా వదిలితేనో కలిసేలా ఉంటే సంచే తప్పు ఎత్తులో ఉన్నట్టు.

ఇప్పుడు సహజ గురి. కళ్లు మూసుకుని రెండు సార్లు ఊపిరి తీసి వదలండి, కళ్లు తెరవండి. రెటికిల్ (స్కోప్ లోపలి గురి గీతలు) పక్కకు పోయి ఉంటే చేత్తో లాగి తేవద్దు. ఊపిరి మళ్లీ తీసుకోగానే అది ఎక్కడికి పోవాలో అక్కడికే పోతుంది. తుంటి నేల మీద ఒక అంగుళం అటో ఇటో జరపండి. పైకీ కిందకీ అయితే సంచి.

తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూడండి, టక్ అన్నప్పుడు రెటికిల్ కదలకూడదు. కదిలితే తూటాల ఖర్చు తర్వాత, ముందు అది.

#9 అరఅంగుళం
8లో ఒకటి చేర్చాలి. కాల్చాక ట్రిగ్గర్‌ను వెనక్కి పట్టుకునే ఉండి, రెటికిల్ ఎక్కడికి ఎగిరి ఎక్కడికి దిగిందో చూడండి. నిటారుగా పైకి వెళ్లి మళ్లీ టార్గెట్ మీదకే వస్తే పడుకున్నది సరిగ్గా ఉన్నట్టు. ప్రతిసారీ ఒకే పక్కకు పోతుంటే తుంటి జరపండి, ఒక్కోసారి ఒక్కో పక్కకు పోతుంటే పట్టు మారుతున్నట్టు. 600 గజాల్లో ఈ ఒక్కటీ చూసుకుంటే తూటా ఎక్కడ పడిందో చూసి చెప్పే స్పాటర్ అక్కర్లేదు.

#10 నేలబారు
సంచిలో ఏం పోయాలి? నాది ప్లాస్టిక్ పూసలది.

#11 ఇసుకసంచి
పూసలది పిండడానికి బాగుంటుంది, మొయ్యడానికి తేలిక. కానీ బట్ బరువు కింద నెమ్మదిగా దిగుతూ ఉంటుంది, గురి పెట్టి ఐదు సెకన్లు ఆగితే రెటికిల్ పైకి పాకడం కనిపిస్తుంది. ఇసుక దిగదు. పోటీకి బరువైన ఇసుక సంచి, 5 నుంచి 9 కిలోలు, బట్ కూర్చునే రెండు చెవులున్నది, దాని మీదే కాల్చడం. 80 శాతం నింపితే చాలు, కూరి కూరి నింపితే రాయిలా అయి బట్ ఎగిరిపడుతుంది. బియ్యం, పప్పు వద్దు, తేమ పీలుస్తాయి, పురుగు పడుతుంది.

స్క్రూ తిప్పి ఎత్తు మార్చే వెనక స్టాండును ఎఫ్-టీఆర్ నిబంధనలు ఒప్పుకోవు.

#12 గచ్చిబౌలి177
క్షమించాలి, చిన్న ప్రశ్న. ఇక్కడ హైదరాబాద్‌లో నాకున్నది .177 స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్. దానికి బైపాడ్ బిగిస్తే 20 మీటర్లలో గ్రూపు మెరుగుపడుతుందా? బిగించాక ఇంకా పాడైంది.

#13 గాలివాటం
పాడవడమే సహజం. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి, పిస్టన్ చివర ఆగినప్పుడు మళ్లీ ముందుకు, ఈ రెండూ పెల్లెట్ బయటికి రాకముందే జరుగుతాయి. దాన్ని దాని ఇష్టానికి కదలనివ్వాలి. బైపాడ్ దాన్ని ఒక గట్టి చోట అడ్డుకుంటుంది. దానికి పద్ధతి వేరు: ట్రిగ్గర్ గార్డ్ ముందు, ప్రతిసారీ అదే చోట, తెరిచిన అరచెయ్యి మీద ఊరికే ఆనించాలి, వేళ్లు చుట్టకూడదు. అరచెయ్యి కింద మెత్తటి సంచి పెట్టుకోవచ్చు. స్ప్రింగ్ బదులు గ్యాస్ ర్యామ్ ఉన్నదానికీ ఇదే.

పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపి ఉంచే రైఫిల్) అయితే బైపాడ్ నిక్షేపంగా పనిచేస్తుంది. బిగించేది మాత్రం స్టాక్‌కి. గాలి సిలిండర్‌కో బ్యారెల్‌కో పట్టీ వేసి బిగిస్తే పీడనం తగ్గే కొద్దీ గురి మారొచ్చు.

మీ దగ్గర క్లబ్బుల్లో నేర్పేది ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పద్ధతి. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నిలబడి కాల్చేది, 50 మీటర్ల ప్రోన్ స్లింగ్‌తో కాల్చేది, ముంజెయ్యి నేలతో కనీసం 30 డిగ్రీల కోణంలో ఉండాలి. బైపాడ్‌కు అక్కడ చోటు లేదు. కోచ్ దగ్గర బైపాడ్ సలహా దొరక్కపోతే ఆయన తప్పు కాదు.

#14 ఫీనిక్స్_పంతులు
క్యాంట్ (రైఫిల్ పక్కకు ఒరగడం) గురించి ఎవరూ ఎత్తలేదు. హారిస్ పక్కకు ఊగేది కదా, ఆయన రైఫిల్ ఒరిగిపోతోందేమో. .308లో రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాళ్లు) కుడి తిప్పు, దానికి ప్రతిగా రైఫిల్ ఎడమకు ఒరుగుతుంది కూడా.

#15 కొలతలరాయుడు
క్యాంట్ ఉంటే తప్పు అడ్డంగా కనిపించాలి. 600 గజాలకు 100 గజాల జీరో నుంచి స్కోప్‌లో సుమారు 16 ఎంఓఏ ఎత్తు ఎక్కించి ఉంటారు. 3 డిగ్రీలు ఒరిగితే 16 × 0.052, అంటే 0.84 ఎంఓఏ, 5 అంగుళాల పైన పక్కకు. నిలువులో తేడా కంటికి ఆనదు. ఆయన అడ్డం మొత్తం 4 అంగుళాలే, కాబట్టి ఇక్కడ క్యాంట్ దోషి కాదు.

కానీ 1000 గజాలకు పోయినప్పుడు వదలకూడదు. అక్కడ ఎత్తు 37 ఎంఓఏ దాకా వస్తుంది, ఒక్క డిగ్రీ ఒరిగినా 0.65 ఎంఓఏ, 6.8 అంగుళాలు. పది రింగు అక్కడ 10 అంగుళాలే, మధ్య నుంచి 5. అంటే ఒక్క డిగ్రీకే బయట పడ్డట్టు. స్కోప్ మీద చిన్న బుడగ లెవెల్ పెట్టుకుని, రైఫిల్‌ను నిలబెట్టి, ఊగే స్క్రూ బిగించెయ్యండి. హారిస్‌కి ఆ గుండ్రటి నాబ్ తీసి లివర్ వేసుకుంటే చేత్తోనే గట్టిగా బిగుస్తుంది.

వెడల్పాటి ఎఫ్-టీఆర్ బైపాడ్‌కు నిజమైన లాభం ఇదే. పాదాల మధ్య 50 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, తిరిగే బలాన్ని అది మింగేస్తుంది. బరువు అర కిలో చుట్టుపక్కల. నిలువు చెదురుకి మందు అని కొనొద్దు.

#16 అరఅంగుళం
నేల సంగతి. కాంక్రీటు మీద రబ్బరు పాదాలతో బైపాడ్ ఎగిరిపడుతుంది, తూటాలు పైన పడతాయి. పాదాల కింద పాత కార్పెట్ ముక్క, లేదా యోగా చాప మడత వెయ్యండి. కంకర మీద ఒక కాలు రాయి మీద, ఇంకోటి సందులో ఉంటే ప్రతి తూటాకు రైఫిల్ కొత్త చోట కూర్చుంటుంది, కాల్చేముందే చేత్తో చదును చేసుకోండి. తడి గడ్డిలో కాళ్లు మెల్లగా దిగుతాయి, ఐదు తూటాలకోసారి చూసుకోవాలి.

పారలాక్స్ (కన్ను కదిలితే రెటికిల్ టార్గెట్ మీద జరిగినట్టు కనపడడం) కూడా. ముందు ఐపీస్ తిప్పి రెటికిల్ నల్లగా పదునుగా చేసుకోండి, ఆకాశం వైపో తెల్ల గోడ వైపో చూస్తూ. తర్వాత పక్క నాబ్‌తో 600 గజాల టార్గెట్. తల కొంచెం పైకీ కిందకీ ఊపితే రెటికిల్ టార్గెట్ మీద జరగకూడదు. నాబ్ మీది అంకెను నమ్మొద్దు. చెంప ఎత్తు మారేవాళ్లకు పారలాక్స్ తప్పు కూడా నిలువుగానే కనిపిస్తుంది.

#17 నేలబారు
నోటు పరీక్ష చేశాను. లోడ్ లేనప్పుడు ఎక్కడా పట్టకుండా జారింది. నెట్టగానే ఫోరెండ్ కొస నుంచి ఒక జానెడు దూరం పట్టేసింది, ఎడమ వైపు ఎక్కువ. స్టడ్ కూడా పావు చుట్టు వదులు. వేరే స్టాక్ కొనాలా, ఇదే బాగుపడుతుందా?

#18 గాలివాటం
రెండూ చెయ్యొచ్చు. అల్యూమినియం ఛాసీ (లోహపు స్టాక్) అయితే వంగదు, సమస్య ఆ రోజే పోతుంది, కానీ బరువు చూసుకోండి. ఎఫ్-టీఆర్‌లో రైఫిల్, స్కోప్, బైపాడ్ అన్నీ కలిపి 8.25 కిలోలు దాటకూడదు. 10 కిలోలన్నది ఎఫ్-క్లాస్‌లో ఇంకో విభాగమైన ఎఫ్-ఓపెన్‌కి. కొత్తవాళ్లు కొందరు రెండూ కలిపేస్తుంటారు. తూకం వేసేటప్పుడు బుడగ లెవెల్, స్కోప్ బిగించే పట్టా (రైల్), స్కోప్ మూతలు అన్నీ ఎక్కించే తూచండి. మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి మూతికి బిగించే ముక్క) ఉంటే తీసెయ్యాలి, ఎఫ్-క్లాస్‌లో కుదరదు. క్యాలిబర్ .223 రెమింగ్టన్ లేదా .308 విన్చెస్టర్ మాత్రమే, మీకు ఇబ్బంది లేదు.

చవకలో అయితే ఇదే స్టాక్. బ్యారెల్ పడే గాడిని గీకి సందు పెంచండి. గాడి కింద ప్లాస్టిక్ గదుల్లా అడ్డగోడలుంటాయి, వాటి మధ్య పొడుగ్గా రెండు కార్బన్ ఫైబర్ కడ్డీలో, పాత బాణం గొట్టాలో పెట్టి ఎపాక్సీ పొయ్యండి. ముందు ఆ గోడల్లో గంట్లు కోసి కడ్డీలు గాడి అంచుకు కింద కూర్చునేలా చూసుకోవాలి. ప్లాస్టిక్‌కి ఎపాక్సీ ఊరికే అంటుకోదు, గరుకు కాగితంతో గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, సన్నటి డ్రిల్‌తో అక్కడక్కడ గుంటలు చేస్తే పట్టు దొరుకుతుంది. 24 గంటలు ఆరనివ్వండి. రీకాయిల్ లగ్ (తన్నును స్టాక్‌కు అందించే లోహపు ముక్క) ఉండే గుంటలోకి ఎపాక్సీ పోకూడదు, అక్కడ మట్టి ముద్ద పెట్టి అడ్డు కట్టండి.

#19 ఫీనిక్స్_పంతులు
నేను ఒప్పుకుంటున్నాను, స్టాకే. అయినా లోడ్ పద్ధతిని తక్కువ చెయ్యకండి. గట్టి స్టాక్ మీద అదే నాకు ఇష్టం.

#20 కొలతలరాయుడు
గట్టి స్టాక్ మీద నాకూ పేచీ లేదు పంతులు గారూ. స్టాక్ బాగయ్యాక నేలబారు గారు 100 గజాల్లో ఒకే కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, ఒకదానికి లోడ్‌తో 10, ఇంకోదానికి లోడ్ లేకుండా 10, ఒకటి మార్చి ఒకటి వెయ్యాలి. ముందు పది, తర్వాత పది వెయ్యొద్దు, బ్యారెల్ వేడి లెక్క చెడగొడుతుంది. రెండు గ్రూపుల మధ్య బిందువులకు తేడా పావు అంగుళం లోపు ఉంటే స్టాక్ నెట్టుకు వంగడం లేదన్నమాట. అప్పుడు ఏ పద్ధతి గ్రూపు చిన్నదైతే అదే మీది. 5 తూటాల గ్రూపుతో తేల్చొద్దు, అది జాతకం చెప్పినట్టు ఉంటుంది.

600 గజాల ఎఫ్-క్లాస్ టార్గెట్‌లో నట్టనడి ఎక్స్ రింగు వెడల్పు 3 అంగుళాలు, పది రింగు 6, తొమ్మిది 12. మీ 11 అంగుళాల నిలువు తొమ్మిదిలోనే ఉంది. 6 లోపుకి తెస్తే చాలు, అక్కడ నుంచి మిగిలేది గాలే. 175 గ్రెయిన్ల తూటాకు 1000 గజాల్లో గంటకు 1 మైలు అడ్డగాలి 9–10 అంగుళాలు నెడుతుంది. పనంతా అక్కడుంది, బైపాడ్‌లో కాదు.

#21 నేలబారు
అందరికీ ధన్యవాదాలు. ఛాసీకి ఇప్పుడు పోను, గాడి గీకుతాను. ఏ నంబరు కాగితం, దేనికి చుట్టి? బెంచి మీద జీరో అలాగే ఉంచనా?

#22 గాలివాటం
బ్యారెల్ కంటే 3–4 మిల్లీమీటర్లు లావున్న గుండ్రటి కర్ర లేదా పొడుగు సాకెట్‌కు 80 నంబరు చుట్టి గీకండి, చివర 220తో నునుపు చెయ్యండి. ఎడమ వైపు ఎక్కువ పట్టిందన్నారు కాబట్టి అక్కడ ఎక్కువ తియ్యాలి, కానీ పై అంచు గోడ పలచనైపోకుండా చూడండి. ప్రతి పది నిమిషాలకూ యాక్షన్ పెట్టి, స్క్రూలు అదే టార్క్‌కి బిగించి, బైపాడ్ లోడ్ చేసి నోటు జరపండి. స్టడ్ తీసి దారాలకు ఒక చుక్క నీలం థ్రెడ్‌లాకర్ వేసి బిగించండి, ప్లాస్టిక్‌కు తగలనివ్వకుండా, దానివల్ల కొన్ని ప్లాస్టిక్‌లు పగులుతాయి. జీరో మళ్లీ పెట్టాలి, నేల మీద పడుకుని, పోటీలో వాడే చాప మీద, అదే సంచితో.